బండి ‘ఱ’ కుర్రాడి కేసు

విజయనగరంలో బస్తీ కుర్రాళ్లతో పని చేసే సోషల్ వర్కర్‌ని. గోడ బొమ్మల ప్రాజెక్టు అనగానే మా రంగంలో అందరూ ముందూ వెనకా రెండు ఫొటోలు పెట్టి ఊరుకుంటారు. మధ్యలో ఏం జరిగిందో, ఏడాది పోయాక ఆ గోడ ఏ గతిలో ఉందో ఎవరూ రాయరు. నన్నడిగితే అసలు పనంతా ఆ మధ్యలోనే ఉంది: గోడ ఎవరిది, ఎవరిని అడగాలి, ఎవరు ఒప్పుకోరు, ఎందుకు ఒప్పుకోరు. బొమ్మ చివర్లో వచ్చేది. అందుకే, గోడల మీద దొంగచాటుగా రాస్తూ దొరికిపోయిన ఒక కుర్రాడి కేసు కాస్త తీరిగ్గా రాస్తున్నాను. కుర్రాడికి చదివి వినిపించి, సరే అన్నాకే పెడుతున్నాను, అతని పేరూ వీధి పేరూ మాత్రం రాయను.

కేసు ఎలా వచ్చింది

2022 వానాకాలంలో ఊళ్లో ఒక వైపంతా షట్టర్ల మీద, కరెంటు పెట్టెల మీద, అయ్యకోనేరు గట్టు దగ్గర గోడల మీద ఒకే అక్షరం కనిపించడం మొదలైంది. బండి ఱ. నల్ల స్ప్రే, చుట్టూ సన్నటి తెల్ల అంచు. కింద పేరు లేదు, నినాదం లేదు, బాణం గుచ్చిన గుండె కూడా లేదు. పార్టీ రాతలు, ట్యూషన్ సెంటర్ల ఫోన్ నంబర్లు, మొలల మందు ప్రకటనలు చూసి అలవాటైన జనానికి దీన్ని ఏ ఖాతాలో వేయాలో తెలియలేదు. దొంగలు ఇళ్లకి పెట్టుకునే గుర్తని ఒకరు, ఏదో సినిమా ప్రచారమని ఇంకొకరు.

చివరికి దొరికింది ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి కాంపౌండ్ గోడ దగ్గర. దసరాకి, ఆ వచ్చే మంగళవారం మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ సిరిమాను జాతరకి చుట్టాలొస్తారని ఆయన అప్పుడే రంగు వేయించారు. తెల్లవారుజామున పాల ప్యాకెట్టు తీసుకోవడానికి గేటు తీస్తే కుర్రాడు సగం అక్షరంలో ఉన్నాడు. పారిపోలేదు, మిగతా సగం కూడా పూర్తి చేసి నిలబడ్డాడట. వీధి పెద్దలు చేరారు, స్టేషన్‌కి ఫోన్ చేద్దామన్నారు, ఆ వార్డులో నాకు తెలిసిన పొదుపు సంఘం లీడరు "ముందు మేడమ్‌ని పిలవండి, తరవాత చూద్దురు" అని ఆపింది. నేను వెళ్లేసరికి మాస్టారు అరుగు మీద కూర్చుని ఊగిపోతున్నారు. "ఈ కాలపు పిల్లలకి ఆ అక్షరం ఉందనే తెలీదమ్మా. వీడు చీకట్లో, అంత చక్కగా రాసేడు. తిడదామంటే నోరు రావట్లేదు, గోడ చూస్తే కడుపు మండిపోతోంది."

చట్టం సంగతి మొదటి రోజే కుర్రాడికి చెప్పాను. నలుగురికీ కనిపించే చోట అనుమతి లేకుండా రాతలు రాయడం, పోస్టర్లు అంటించడం మన రాష్ట్రంలో 1997 చట్టం ప్రకారం నేరం. ప్రభుత్వ ఆస్తి అయితే దానికి వేరే కేంద్ర చట్టం, 1984ది, ఉంది. "మరి పార్టీలోళ్లు?" అన్నాడు. వాళ్లకీ అదే చట్టం, కాకపోతే వాళ్లని పట్టుకోవడానికి తెల్లవారుజామున మాస్టార్లు లేవరు.

ఇల్లు, నాన్న, ఫ్లెక్స్ షాపు

అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. నాన్న పాత బోర్డు ఆర్టిస్టు. షాపు బోర్డులు, లారీ వెనక తలుపులు, పెళ్లింటి గోడ మీద అరటిచెట్లు, బళ్లలో సూక్తులు, ఎన్నికలొస్తే గోడ రాతలు. దారాన్ని నీలిమందులో ముంచి, చెరో కొసా పట్టుకుని లాగి వదిలితే గోడ మీద ఫట్‌మని గీత పడుతుంది చూడండి, ఆ రెండో కొస పట్టుకోవడంతోనే ఈ కుర్రాడి చదువు మొదలైంది. ఫ్లెక్సులు వచ్చి ఆ పని పోయాక నాన్న ఒక అపార్ట్‌మెంటులో రాత్రి వాచ్‌మన్ అయ్యాడు. అమ్మ పొద్దున్న ఇడ్లీ బండి పెడుతుంది. కుర్రాడు డిప్లొమా మధ్యలో మానేసి ఎక్కడ చేరాడనుకున్నారు, ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులోనే, డిజైనర్‌గా. నాన్న పని తినేసిన మిషన్ ముందే కొడుకు కూర్చున్నాడన్నమాట, ఆ ఇంట్లో ఇద్దరికీ మాటలు లేకపోవడానికి ఇంతకంటే పెద్ద కథ అక్కర్లేదు.

దానికి తోడు 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రభుత్వం ప్రకటించింది (తర్వాత గడువు 2023 జనవరి 26కి జరిగింది). నాన్నేమో పాత బ్రష్షులు కిరసనాయిల్లో నానబెట్టాడు. కొడుక్కి ఉద్యోగం పోతుందని టెన్షన్. ఒకే వార్తకి ఒకే గదిలో ఒకరికి పండగ, ఒకరికి దిగులు. గోడల మీద ఱలు ఎక్కువైంది సరిగ్గా ఆ నెలల్లోనే.

గ్రాఫిటీ అతను ఫోన్లో నేర్చుకున్నాడు. 1960ల చివర్లో ఫిలడెల్ఫియాలో కార్న్‌బ్రెడ్ అనే కుర్రాడు ఊరంతా తన పేరు రాసుకుంటూ పోవడం, 1971లో న్యూయార్క్ టైమ్స్ టాకీ 183 అనే సంతకం వెనకున్న కుర్రాడి గురించి రాయడం, ఇవన్నీ నాకు అతను చెప్పినవే. హైదరాబాద్‌లో ఎం.ఎస్. మక్తా గోడలు చూడ్డానికి రైలెక్కి వెళ్లొచ్చాడు, 2016లో అక్కడ ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. టాకీకి తన వీధి నంబరు ఎలాగో తనకి బండి ఱ అలాగట, చెయ్యెత్తకుండా ఒక్క ఊపులో వస్తుందని.

ఎందుకు రాస్తున్నావని అడిగాను. కేసు ఫైల్లో యథాతథంగా రాసుకున్న మాట ఇది: "పగలంతా ఎవడో నాయకుడి మొకం తెల్లగా చేస్తానక్కా. రాత్రయినా నాదంటూ ఒకటుండాల గదా." తాగుడు లేదు, గ్యాంగు లేదు, నిద్ర తక్కువ, స్నేహితులు బొత్తిగా లేరు, నాన్నతో మాటలు లేవు. ఒప్పుకున్న పని వదిలిపెట్టడు. నా అంచనా కాగితం మీద అంతే ఉంది.

మొదట చెరిపించడం

మాస్టారికి అతను బాకీ. అది తీరకుండా కొత్త గోడ మాటే ఎత్తొద్దని నేను పట్టుబట్టాను. ఇలాంటి కేసుల్లో మనవాళ్లు ‘టాలెంట్ ఉంది, అవకాశం ఇద్దాం’ అని ఎగిరి గంతేస్తారు, నష్టపోయిన మనిషి అలాగే నిలబడి చూస్తుంటాడు.

నల్ల స్ప్రే మీద నేరుగా ఎమల్షన్ పెయింటు వేశాడు. ఆరాక అక్షరం నీడలా మళ్లీ పైకి తేలింది. మాస్టారు రోజూ పొద్దున్నే దాన్ని చూసి ఫోన్ చేసేవారు. తర్వాత గీకి, ఆయిల్ ప్రైమర్ కొట్టి, ఆరనిచ్చి, పాత రంగు కోడ్ షాపులో పట్టుకుని, మచ్చ కనపడకుండా ఒక పిల్లర్ నుంచి ఇంకో పిల్లర్ దాకా మొత్తం వేశాడు. డబ్బులు అతని జీతంలోంచే. ఈ పని జరిగే రోజుల్లో మాస్టారు ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు, తర్వాత టీ ఇచ్చారు, తర్వాత శకటరేఫ అని కూడా పిలిచే ఈ ఱ చరిత్ర చెప్పడం మొదలుపెట్టారు. మిగతా చోట్ల ఱలు కూడా వీలైనన్ని చెరిపాడు.

ఇక్కడ ఒక పాత సంగతి. 1984లో ఫిలడెల్ఫియా నగరం గోడ రాతలు ఆపడానికని ఒక కార్యక్రమం పెట్టింది, అందులో చేరిన జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణి రాసే కుర్రాళ్లనే కూర్చోబెట్టి మ్యూరల్స్, అంటే పెద్ద గోడ బొమ్మలు, వేయించింది. ఇవాళ అమెరికాలో పేరుమోసిన మ్యూరల్ ఆర్ట్స్ సంస్థ దాన్నుంచి పుట్టిందే. అక్కడ నగరపాలన వెనకుంది, జీతాలున్నాయి. మా దగ్గర పొదుపు సంఘం, నేను, ఒక ఇడ్లీ బండి.

గోడౌను గోడ

కుర్రాడి వీధి చివర పాత గోడౌను గోడ ఒకటుంది. దాదాపు అరవై అడుగుల పొడుగు, ఏడడుగుల ఎత్తు, ముందు మురికి కాలవ. మగాళ్లు నిలబడేది అక్కడే, చెత్త కవర్లు విసిరేదీ అక్కడే. యజమాని విశాఖలో ఉంటారు. ఫోన్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "దేవుడి బొమ్మ వేస్తారా?" వెయ్యం అన్నాక గాని మిగతాది వినలేదు. ఆయన భయం న్యాయమైందే. ఇవాళ బొమ్మ, రేపు దీపం, ఎల్లుండి నాలుగు ఇటుకలు, తర్వాత గుడి, ఆ తర్వాత తన స్థలం తనది కాకుండా పోతుంది. పార్టీ రంగులు వద్దు, నాయకులు వద్దు, దేవుళ్లు వద్దు, అవసరమైతే గోడ పడగొట్టుకునే హక్కు తనదే అని రాసి సంతకం పెట్టి పంపారు. ఈ కాగితం తర్వాత మమ్మల్ని ఎలా కాపాడిందో చెప్తాను.

వీధివాళ్లకేమో దేవుడే కావాలి. రామమందిరం అరుగు మీద మీటింగు పెడితే ఆడవాళ్లందరిదీ ఒకటే మాట, పైడితల్లమ్మ బొమ్మ వేస్తే ఎవడూ అక్కడ పొయ్యడు. కుర్రాడు అంతవరకు నోరెత్తలేదు. అప్పుడన్నాడు: "పోస్తే, మామ్మా? ఆ పాపం ఎవలికి? పోసినోడికా, బొమ్మేసినోడికా?" అరుగంతా గొల్లున నవ్వింది. మెట్ల మూలల్లో దేవుళ్ల టైల్స్ అతికించిన ఆఫీసులు మనందరం చూశాం, మూల శుభ్రంగానే ఉంటుంది, పక్క గోడ తడుస్తుంది, అంతే.

వల ఆలోచన చేపలమ్మే ఆవిడది. సిరిమాను ఊరేగింపు ముందు పాలధార, అంజలిరథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల వెళ్తాయి గదా. అమ్మోరు వద్దంటున్నారు, అమ్మోరి ముందు నడిచే మా వల వెయ్యండి అంది. గోడ పొడుగునా ఒకటే వల, అందులో ఒక్కో ఇల్లు తమకి కావాల్సింది ఒకటి పడేస్తుంది. ఇక చూడండి. నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేసిన తాతగారు గోనె కుట్టే దబ్బనం అడిగారు. మాస్టారు పలక. అద్దెకుండే సంగీత కళాశాల అమ్మాయి బొబ్బిలి వీణ అంది, అది కూడా గొల్లపల్లిలో చేసేవాళ్లు చెక్కే తీరులో పనస కర్ర రంగులో ఉండాలట. ఆటో అతను ఆటో, దాని వెనక భార్య పేరు. పిల్లలు క్రికెట్ బ్యాటు. గోడౌను పక్కింటి వాళ్లు మాత్రం ఒప్పుకోలేదు, వాళ్ల కారు అక్కడ పెడతారు, బొమ్మ పడితే జనం చేరి కారు పెట్టనివ్వరని. ఎంత చెప్పినా వినలేదు. వల ఆ చివరికొచ్చేసరికి ఖాళీగా ఉంటుంది, ఇప్పటికీ.

పని

ఆ గోడ ఒక్కటి కాదు, రెండు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫానుకి సగం పడిపోతే ఆ సగాన్ని సిమెంటుతో కట్టారు. మిగతా సగం పాత సున్నపు గోడ. ఎండలు ముదరకముందే, గోడ బాగా ఆరిన మాఘమాసంలో మొదలుపెట్టాం. సిమెంటు సగం తేలికే: నాచు గీకడం, కడగడం, ప్రైమరు, పైన ఎక్స్‌టీరియర్ ఎమల్షన్. రెండు పూతలు వేస్తే లీటరుకి యాభై, అరవై చదరపు అడుగులు వస్తుంది కాబట్టి రెండొందల చిల్లర అడుగులకి నాలుగు లీటర్ల లెక్క, పైన రంగులకి స్టెయినర్లు. హార్డ్‌వేర్ షాపాయన తిరిగొచ్చిన డబ్బాలు ఇచ్చాడు, మిగతాది ఇంటికి యాభై, వంద చందా.

కుర్రాడు మొదటి రోజు చేసిన పనికి వీధంతా గగ్గోలు. బొమ్మ బదులు గోడంతా పిచ్చి గీతలు, సున్నాలు, గుణకారపు గుర్తులు, ఒక మూల పిల్లి, ఒక మూల 7 అంకె. "ఇదేటి బాబూ, సందా ఇచ్చింది ఇందుకేనా" అని దబ్బనం తాతగారు కర్ర పట్టుకుని వచ్చేశారు. అసలు సంగతి ఏమిటంటే, పెద్ద గోడ మీద కొలత తప్పకుండా ఉండటానికి ఇదొక పద్ధతి. గోడ మీద ఒకదానికొకటి పోలిక లేని గీతలు గీసి ఫొటో తీస్తారు, ఫోన్లో ఆ ఫొటో మీద స్కెచ్ పెడతారు, వీణ మెడ పిల్లి చెవి మీదుగా 7 అంకె అడుగు దగ్గరికి వస్తోందని చూసుకుని గోడ మీద గీస్తారు. నాన్న తరంలో దీనికి బదులు దారంతో గళ్లు కొట్టేవారు.

ఆ గగ్గోలు విని, నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న నాన్న ఆగాడు. ఫోన్ తీసుకుని చూశాడు, గోడ చూశాడు, మళ్లీ ఫోన్ చూశాడు. ఏమీ అనలేదు. సున్నపు గోడ వైపు నడిచి, గోరుతో గీకి, అరచెయ్యి ఆనించి, "దీనికి ఎమల్షన్ ఎయ్యకు, లోపల తడి ఊపిరాడక పొక్కిపోద్ది" అన్నాడు. కొడుకుతో కాదు, నాతో. కుర్రాడు నా వైపు చూసి, "మరేటి ఎయ్యాలో అడగండక్కా" అన్నాడు. కొంతసేపు నేను వాళ్లిద్దరికీ మధ్య టెలిఫోన్ తీగలా పని చేశాను.

సున్నపు సగం అంతా నాన్న పద్ధతిలోనే జరిగింది. సున్నం నానబెట్టి, గుడ్డలో వడగట్టి, జిగురు కలిపి, సున్నానికి తట్టుకునే రంగులే: జేగురు, పసుపు మట్టి, నీలిమందు, దీపపు మసి. గోడ తడిపి వేయాలి. వేసినప్పుడు నీళ్లలా పారదర్శకంగా ఉండి ఏమీ కనపడదు, ఆరుతుంటే తెలుపు పైకి తేలుతూ రంగు బయటపడుతుంది. స్ప్రే డబ్బాకి అలవాటైన కుర్రాడికి ఇది పెద్ద శిక్ష. కనపడట్లేదని ఇంకో కోటు వేసేసేవాడు, ఆరాక మందంగా పెచ్చులు లేచేవి, నాన్న వెనకనుంచి మాట్లాడకుండా గీకేసేవాడు. మూడో రోజుకి గీకుతూ మాట్లాడటం మొదలైంది, అది తిట్లే అయినా. సున్నం వైపు వల లేత నీలం, సిమెంటు వైపు ముదురు నీలం. రెండూ కలిసే చోట కావాలనే ముళ్లు వదులుగా వేశారు. ఆటో వెనక పేరు మాత్రం నాన్న చేతి రాత, ఫ్లాట్ బ్రష్‌తో, పక్కన నీడ పెట్టి.

తర్వాత

మూత్రం పోయడం ఆ గోడ మీద బాగా తగ్గింది. బొమ్మ వల్లేనని నేను అనుకోను. ఇడ్లీ బండి అక్కడికి మారింది, పొద్దున్నంతా మనుషులుంటారు, పెద్ద కారణం అదే. చెత్త తగ్గలేదు. గోడ ముందునుంచి ట్రాన్స్‌ఫార్మర్ మూలకి మారింది. చెత్త బండి ఆ సందులో తిరగదు, మెయిన్ రోడ్డు మీదే ఆగి ఈల వేసి వెళ్లిపోతుంది. అప్పటికే పనులకి పోయే ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్లు కవరు పట్టుకుని ఏం చేస్తారు. గోడ బొమ్మ వేస్తే చెత్త ఆగుతుందని రిపోర్టుల్లో రాసేవాళ్లు పక్క మూల కూడా ఫొటో తీసి పెట్టాలని నా మనవి.

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. కోడ్ రాగానే ప్రభుత్వ ఆస్తుల మీద రాతలు ఒక్క రోజులో, బస్టాండ్ల లాంటి బహిరంగ స్థలాల్లో రెండు రోజుల్లో, ప్రైవేటు గోడల మీద అనుమతి లేనివి మూడు రోజుల్లో తీసేయాలి. సున్నం బకెట్లతో తిరిగే కూలీలకి ఏది పార్టీ రాతో, ఏది వలో చూసే తీరిక ఉండదు, రంగు కనిపిస్తే కొట్టుకుంటూ పోవడమే. వల మొదటి ఐదారడుగులు తెల్లబడ్డాక కుర్రాడి అమ్మ ఇడ్లీ బండి వదిలేసి పరిగెత్తింది. యజమాని కాగితం లామినేషన్ చేయించి ఇడ్లీ బండి డబ్బాలో పెట్టి ఉంచాం, అది చూపించాక సూపర్‌వైజరు ఆపించాడు. కొట్టిన సున్నం ఇంకా తడిగానే ఉంది కాబట్టి తడి గోనెతో తుడిస్తే చాలా మటుకు వచ్చేసింది, మిగతాది నాన్న సరిచేశాడు. ఇలాంటి పని చేసేవాళ్లు అనుమతి కాగితం కాపీ ఒకటి ముందే సంబంధిత ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి. కోడ్ వచ్చాక ఎవరూ మన మాట వినే స్థితిలో ఉండరు.

కుర్రాడు ఫ్లెక్స్ షాపు మానలేదు. పొద్దుటి షిఫ్టు చేసుకుని, మధ్యాహ్నాల్లో బళ్లకి, అంగన్‌వాడీలకి గోడలు వేస్తున్నాడు, అక్షరాలకి నాన్న వెళ్తాడు. మొదటి గోడకి అతనికి కూలి ఇవ్వలేకపోయాం, అది వీధికి అతని బాకీ అని ఇద్దరం అనుకున్నాం. రెండో గోడ నుంచి డబ్బులు మాట్లాడుకునే దిగాలని నేనే చెప్పాను. ఆర్టిస్టుకి శాలువా కప్పి ఊరికే పని చేయించుకోవడం మా రంగంలో పెద్ద జబ్బు, అడిగితే ‘సేవ’ అంటారు. చదరపు అడుగు లెక్కన రేటు, రంగులు పని చేయించుకునేవాళ్లవే, ఏడాదికోసారి సరిచేయడానికి వేరే డబ్బు, ఇది కాగితం మీద ఉంటేనే వెళ్తాడు. ఈ షరతులు చూసి వెనక్కి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

ప్రతి గోడలో ఎక్కడో ఒకచోట బండి ఱ దాస్తాడు, పిల్లలు వెతుక్కుంటారు. బైపాస్ వైపు ఒక షట్టరు మీద కూడా కొత్త ఱ ఒకటి చూశాను. నీదేనా అంటే నవ్వాడు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఫైల్లో అలాగే రాసుకున్నాను.

ట్రాన్స్‌ఫార్మర్ మూల దగ్గర కూడా బొమ్మ వేయమని వీధివాళ్లు అడుగుతున్నారు, ఈసారి చందా వాళ్లే ముందు పోగుచేశారు. కరెంటు పెట్టెకి దగ్గరని ఒక భయం, అది కాక చెత్త బండి సందులోకి వచ్చేదాకా అక్కడ బ్రష్ పెట్టనని కుర్రాడు మొండికేశాడు. బండి టైము మార్చమని, సందు మొదట్లో డబ్బా పెట్టమని పొదుపు సంఘం తరఫున అర్జీ ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు. చందా డబ్బు మాస్టారి దగ్గర ఉంది.